మార్త నొక్కిన ముప్పై ఆరో ఫోటో

దెయ్యాల మాటెత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. ఉదయగిరి కోట మీద కాగడాలు వాటంతటవే నడుస్తాయని చెప్పిన పిల్లల్ని క్లాసులో నిలబెట్టి, "నువ్వు చూసినావా? మీ నాయన చూసినాడా?" అని నిలదీసేవాణ్ణి. సైన్సు మాస్టర్ని. ఆదివారం చర్చికి పోతాను గానీ గాలీ ధూళీ నమ్మను. ఇప్పటికీ నమ్మను. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

తొంభై నాలుగు చివర మొదలుపెట్టి, తొంభై ఐదులో మా పెరట్లో టెలిస్కోపు చేశాం. చేశాం అనడం అన్యాయం, చేసింది నా భార్య మార్త. దానికి గుంటగా అరగదీసిన అద్దం కావాలి. నూనె డ్రమ్ము మీద మందపాటి గాజు బిళ్ళ బిగించి, గరుకు పొడీ నీళ్ళూ పోసి, ఇంకో బిళ్ళతో రుద్దుతూ డ్రమ్ము చుట్టూ తిరగాలి. నేను బడికి పోతే ఆమె తిరిగేది. ఒక రోజు కాదు, నెలల తరబడి.

"బడి అయివారింటికి పోతే రుబ్బే పని ఉండదని చెప్పి నీకిచ్చి చేసినారు నన్ను" అని నవ్వేది.

ఆమెకు ఒకటే ఆశ. నా పాఠ్యపుస్తకంలో చూసిన శని గ్రహం చుట్టూ ఉండే ఉంగరాన్ని కళ్ళారా చూడాలి, దాని ఫోటో తీసి ముందు గదిలో పటం కట్టించాలి. పక్కింటి రమణమ్మ గోడ మీంచి చూసి, "శని చూపు పడకూడదని మేం ఆయనకు నూనె పోస్తుంటే, మీరేంది గొట్టం పెట్టి ఎతుక్కుంటుండారు!" అనేది.

ముతక పొడి అయిపోయి సన్న పొడికి మారేటప్పుడు చేతులూ బట్టలూ అన్నీ కడుక్కోవాలి. ఒకరోజు మార్త మరిచిపోయి కొంగుతో గాజు తుడిచింది. కొంగుకు అంటిన ముతక రవ్వ వెంట్రుకంత గీత పెట్టింది. ఆ రోజు నేనేమీ అనలేదు. అద్దాన్ని మద్రాసు తీసుకుపోయి మెరిసే పూత వేయించుకొచ్చి గొట్టంలో బిగించాను.

వానలు వెనకబట్టాక, పొద్దుగుంకగానే టెలిస్కోపు పెరట్లో నిలబెట్టి చూశాం. చంద్రుడి మీద గుంటలు చేత్తో తడిమేంత బాగా కనిపించాయి. తర్వాత శని వైపు తిప్పాను. ఉంగరం లేదు. బఠాణీ గింజంత పసుపు చుక్క, అంతే. వారం రోజులు చూసినా అంతే.

"కొంగుతో తుడిచి తగలేసినావు గదే! ఇన్ని నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరు చేసినావు" అని అరిచాను. చంద్రుణ్ణి అంత చక్కగా చూపించిన అద్దం శని దగ్గరికొచ్చేసరికి ఎందుకు చెడుతుందని ఈ సైన్సు మాస్టరుకు తట్టలేదు. మార్త అరచేతులు తిప్పి చూసుకుంటూ కూర్చుంది.

కంటికి అందనిది ఫిల్ముకైనా అందుతుందేమోనని, ఆత్మకూరులో స్టూడియో నడిపే కరీం భాయిని అడిగి పాత కెమెరా తెచ్చాను. క్రిస్మస్ వెళ్ళిన వారం, రోజూ చీకటి పడగానే టెలిస్కోపుకు తగిలించి తీశాను. ముప్పై ఆరు ఫోటోల రీలులో ముప్పై ఐదు అయ్యాయి.

"ఆఖరిది నేను నొక్కేదా?" అంది మార్త.

"నొక్కు. ఇంక చెడిపోయేదానికి ఏముండాది?" అన్నాను.

కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుని నొక్కింది.

జనవరి చివర ఆమెకు జ్వరం పట్టుకుంది, ఎంతకీ దిగలేదు. ఆత్మకూరు ఆసుపత్రిలో చేర్చాం. అయిదో రోజు సాయంత్రం నా చెయ్యి పట్టుకుని, "ఆ అద్దం పారేయబాకయ్యా. లేచినాక ఇంకోసారి రుద్దుతా" అంది. సరేలే పడుకో అన్నాను. ఆమె మీద అరిచింది నా తప్పని చెప్పడానికి రేపు ఉందనుకున్నాను. తెల్లారేసరికి మార్త లేదు.

రమణమ్మ వాళ్ళు శని తిరిగి చూశాడన్నారు. వాళ్ళతో పోట్లాడే ఓపిక కూడా లేకపోయింది.

నెల దాటాక కెమెరా తిరిగిచ్చేశాను. కరీం భాయ్ అందులోని ఫిల్ము కడిగి కబురంపాడు. ముప్పై ఐదు ఫోటోల్లో పసుపు చుక్కే తెల్లగా వచ్చింది. ముప్పై ఆరోదాంట్లో శని ఉంది, చుట్టూ విప్పారిన ఉంగరంతో.

"పుస్తకంలోది తీసి కలిపినావా భాయ్?" అని గద్దించాను.

"అల్లా మీద ఒట్టు సార్. నువ్వే చేత్తో పట్టుకుని చూసుకో" అని ఫిల్ము ఇచ్చాడు. ఎక్కడా కత్తిరించలేదు. ముప్పై ఐదు పక్కనే ముప్పై ఆరు. కెమెరా లోపల చిక్కుకున్న నూలుపోగు నీడ అన్ని ఫోటోల్లో ఒకే మూల పడింది, ఆ చివరిదాంట్లోనూ అదే మూల.

తెలిసినవాళ్ళ ద్వారా హైదరాబాదులో ఒక ఖగోళ శాస్త్రం పెద్దాయనకు రాశాను. జవాబు వచ్చింది. ఆ ఏడాది శని ఉంగరం మనకు అంచు తిప్పి నిలబడిందట, మా టెలిస్కోపు లాంటివాటికి అందనంత సన్నగా. పదిహేనేళ్ళకోసారి అలా జరుగుతుందట. మీ అద్దానికి ఏ లోపమూ లేదన్నాడు. ఆ ఫోటో మాత్రం ఆ ఏడాదిది అయి ఉండదు, తేదీ పొరబడ్డారు, ఏ ముందటి సంవత్సరమో తీసి ఉంటారన్నాడు.

ముందటి సంవత్సరం మా దగ్గర టెలిస్కోపే లేదు. ఆమె ఇంకా డ్రమ్ము చుట్టూ తిరుగుతూ ఉంది.

ఆ ఫోటో ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఎవరు పంపినా, ఆమె కళ్ళు మూయకముందు ఎందుకు పంపలేదని ప్రార్థనలో అడుగుతాను. పటం కట్టించి, సమాధుల తోటకు తీసుకుపోయి, ఆమె సమాధి మీద పైకి చూసేలా పెట్టి, గంటసేపు కూర్చున్నాను. ఆ ఆసుపత్రిలో చెప్పాల్సిన మాట అక్కడ మట్టికి చెప్పాను.

"అద్దం బాగుండాది మార్తా. మళ్ళీ రుద్దే పన్లేదు."