స్వరూప టీచర్ చెవిలో నేను

ఒక్క నోటితో రెండు ఉద్యోగాలు ఊడేదాకా ఎలా తేవచ్చో తెలుసుకోవాలనుంటే కాస్త దగ్గరికి జరగండి. అందులో ఒకటి నాది, పోతే పోనీ. రెండోది స్వరూప టీచర్‌ది. ఆవిడ నాకు ఏ అపకారమూ చెయ్యలేదు.

అప్పట్లో నేను అమీర్‌పేటలో ఒక ప్రైవేటు బడిలో కోచ్‌ని. పిల్లలకు కాదండీ, టీచర్లకు. వెనక బెంచీలో కూర్చుని పాఠం చూడాలి, తర్వాత టీచర్‌కు ఒకే ఒక్క మార్పు చెప్పాలి, అది అలవాటయ్యేదాకా మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూడాలి. ఒక్కటే చెప్పమని ట్రైనింగులో నెత్తీ నోరూ కొట్టుకుని మరీ చెప్పారు. ఒక్కటి చెప్పి ఊరుకునే గుణం నాకు పుట్టుకతోనే లేదు.

స్వరూప టీచర్ ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పేవారు. లెక్కల్లో దిట్ట. చిక్కల్లా ఏమిటంటే, ప్రశ్న అడిగి, పిల్లలు ఊపిరి పీల్చేలోగా జవాబు కూడా తనే చెప్పేసేవారు. ప్రశ్న అడిగాక కాసేపు ఆగండి అని నేను మొదటి రోజే చెప్పాను.

"ఆగితే క్లాసంత సప్పుడు లేకుంట అయితది మేడమ్, నాకు బుగులైతది," అన్నారావిడ. భయమట.

ఇంతలో మా కరస్పాండెంట్ గారు, అంటే బడి యజమాని, నన్ను పిలిచారు. శుక్రవారం తానే వచ్చి ఎనిమిదో తరగతిలో కూర్చుంటారట. మార్పు కనబడకపోతే వచ్చే ఏడాది స్వరూప గారికి క్లాసులుండవట. "మార్చలేని కోచ్‌తో మాత్రం నాకేం పనమ్మా?" అన్నారు, చాలా మర్యాదగా. స్వరూప గారి కూతురు మా బడిలోనే ఐదో తరగతి. తల్లి ఉద్యోగం పోతే పిల్ల బడి కూడా పోతుంది. ఆ రాత్రి మధురానగర్ హాస్టల్లో ఉప్మా నా గొంతు దిగలేదు. మా హాస్టల్ ఉప్మా మామూలు రోజుల్లోనూ దిగదనుకోండి, అది వేరే సంగతి.

భయంలో పుట్టిన ఉపాయం భయంకరంగానే ఉంటుంది. స్వరూప గారి చెవిలో నా వైర్‌లెస్ ఇయర్‌ఫోన్ పెడతాను, జుట్టు కప్పేస్తుంది. నేను వరండాలో కిటికీ పక్కన నిలబడి ఫోన్లో అందిస్తుంటాను. "నేను చెప్పింది చెప్పినట్టు అనెయ్యండి. మధ్యలో ఆలోచించకండి," అన్నాను.

"అన్నీనా మేడమ్?"

"అన్నీ."

పాఠకులారా, ఈ 'అన్నీ'ని కాస్త గుర్తుంచుకోండి.

శుక్రవారం స్వరూప గారు బల్కంపేట ఎల్లమ్మకు మొక్కుకుని, నుదుట ఇంత కుంకుమతో వచ్చారు. కరస్పాండెంట్ గారు వెనక బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు. నేను కిటికీ పక్కన గోడకు బల్లిలా అతుక్కున్నాను. మొదట అంతా సాఫీగా నడిచింది. పిల్లల్ని నవ్వుతూ పలకరించమన్నాను, పలకరించారు. ఈరోజు శాతాలు నేర్చుకుందామా అనమన్నాను, అన్నారు. నా చెమట కాస్త ఆరింది.

సరిగ్గా అప్పుడే ఆయా యాదమ్మ టీ తెచ్చి నా మొహం ముందు పెట్టింది. ఫోను నోటి దగ్గరే ఉందన్న ధ్యాస లేకుండా ఆమెతో గుసగుసలాడాను.

మరుక్షణం లోపలినుంచి స్వరూప గారి గొంతు గంటలా మోగింది. "ఆ చల్లారిన టీ నాకొద్దు, కరస్పాండెంట్ గారికే పొయ్యండి. పాపం, కునుకుతున్నారు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వినేవాళ్ళు చెప్పింది చెప్పినట్టు ఊరందరికీ వినిపిస్తే చెప్పేవాడి గతేమిటో ఏ సామెతా చెప్పలేదు. కరస్పాండెంట్ గారు నిటారుగా కూర్చున్నారు. "అయ్యో, అది కాదు," అన్నాను.

"అయ్యో, అది కాదు," అన్నారు స్వరూప గారు.

"నోరు ముయ్యండి."

"నోరు ముయ్యండి," అన్నారావిడ, క్లాసు మొత్తాన్నీ, కరస్పాండెంట్ గారితో సహా, చూస్తూ.

ఫోన్ కట్ చెయ్యొచ్చు కదా అని మీరంటారు. మీరు చల్లగా కూర్చుని చదువుతున్నారు గనక మీకు తోచింది. నాకు తోచిందల్లా ఏడుపొక్కటే. "దేవుడా, నా ఉద్యోగం పోయింది," అన్నాను. అది కూడా లోపల స్వరూప గారి గొంతులో వినబడింది.

పిల్లలు బిక్కచచ్చిపోయారు. స్వరూప గారికి అప్పుడు అర్థమైంది. చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి సుద్దముక్కల డబ్బాలో పడేసి, మూత పెట్టారు. పిల్లల వైపు తిరిగారు.

"బట్టల దుకాణంల సగం ధర తగ్గిస్తమని బోర్డు పెట్టిన్రు. దాని మీద ఇంకో ఇరవై శాతం తగ్గిస్తరంట. అంటే మొత్తం డెబ్బై తగ్గినట్టేనా?"

అడిగి, ఆగారు. క్లాసంతా నిశ్శబ్దం. జవాబు చెప్పెయ్యండి తల్లీ అని నా ప్రాణం కొట్టుకుంటోంది, నేనే నేర్పిన పాఠానికి నేనే తాళలేక. ఆవిడ మాత్రం ఆగారు. ఎప్పుడూ నోరు విప్పని చివరి బెంచీ అమ్మాయి మెల్లగా లేచింది.

"కాదు టీచర్. రెండోసారి తగ్గేది మిగిలిన సగంలకెల్లే గదా. మొత్తం అరవయ్యే తగ్గుతది."

ఇంకొకడు కాదన్నాడు. మరో అమ్మాయి వాడితో వాదనకు దిగింది. క్లాసు తేనెతుట్టెలా లేచింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

సాయంత్రం కరస్పాండెంట్ గారు గదిలోకి పిలిచి తలుపు వేశారు. స్వరూప గారికి వచ్చే ఏడాది తొమ్మిదో తరగతి కూడా ఇస్తున్నానన్నారు. నా ప్రాణం కాస్త కుదుటపడింది. తర్వాత గొంతు తగ్గించారు.

"ఆదివారం పంజాగుట్ట బ్రాంచిలో తల్లిదండ్రుల మీటింగుంది. నలుగురిలో నాకు నోరు పెగలదమ్మా. ఆ చెవిలోది నాక్కూడా పెట్టు. నువ్వేం చెబితే అది అనేస్తాను."

"అన్నీనా సార్?"

"అన్నీ."

ఆదివారం తల్లిదండ్రులు లేచి ఫీజులెందుకు పెంచారని నిలదీశారు. "మా టీచర్ల జీతాలు పెంచడానికి," అని కరస్పాండెంట్ గారు ఎంతో నిబ్బరంగా సెలవిచ్చారు. అనేశాక ఏమన్నారో ఆయనకు తెలిసింది. అప్పటికే హాలంతా చప్పట్లు కొడుతోంది, మాట వెనక్కి తీసుకునే దారి లేదు.

కాబట్టి ఎల్లమ్మ తల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరి చెవిలోనూ దూరను. ఈ ప్రమాణం నిలబెట్టుకోవడం పెద్ద కష్టమేమీ కాలేదు. జీతాలు పెరిగిన నెలనుంచి కరస్పాండెంట్ గారు నాతో మాట్లాడవలసి వస్తే రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుని వస్తున్నారు.