ఆ నవల మీద మా అక్క అభిప్రాయం

హైదరాబాదు నుంచి ఒక పత్రిక సంపాదకురాలు ఫోన్ చేసింది. దాదాపు నూరేళ్ల నాటి ఒక నవల మీద ప్రత్యేక సంచిక తెస్తున్నామని, మా నారాయణఖేడ్ వైపు ఆడవాళ్లు దాన్ని చదివి ఏమంటారో రాసి పంపమని అడిగింది. "గ్రామీణ పాఠకుల అభిప్రాయాలు" అంది. మమ్మల్ని పాఠకులన్నందుకు సంతోషించాలో, గ్రామీణ అన్నందుకు నొచ్చుకోవాలో తేల్చుకోలేక సరేనన్నాను. నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. నాకు తెలిసి మా ఊళ్లో ఆ నవల చదివినదాన్ని నేనొక్కదాన్నే. కాబట్టి ముందు పాఠకుల్ని తయారుచేసుకోవాల్సి వచ్చింది.

మా అక్కకు బస్టాండు వెనక సందులో టైలరింగ్ దుకాణం ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ కుట్టుపని తక్కువ, కబుర్లు ఎక్కువ. నేను పైకి చదువుతాను, వాళ్లు వింటారు అని ఒప్పందం కుదిరింది. వినేవాళ్లలో ఒకామె నాగల్‌గిద్ద నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ముసలామె. ఇంట్లో కన్నడం మాట్లాడుతుంది, మేమంతా అవ్వ అంటాం. రెండో ఆమె పక్కనే కిరాణం నడుపుతుంది. ఆమె నోటికి మా సందంతా భయపడుతుంది. మూడో ఆమె అక్క దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి, డిగ్రీ అయిపోయింది, పెళ్లి కుదిరింది. ఇక అక్క.

అక్క సంగతి ఇక్కడే చెప్పేయాలి. ఆమెను కంగ్టి దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. మొగుడు కొట్టేవాడు. అంతకుమించి రాయను. రాస్తే చదివేవాళ్లు అతని గురించే ఆలోచిస్తారు, నాకది ఇష్టం లేదు. ఒకసారి కొడుకును వెంటబెట్టుకుని వచ్చేస్తే, మర్నాడే అత్తింటివాళ్లు జీపులో వచ్చి ఇద్దర్నీ పట్టుకుపోయారు. అందుకని రెండోసారి ఒక్కతే వచ్చింది. ఆరేళ్ల పిల్లవాణ్ణి నిద్రలో వదిలి, ఒంటి మీది చీరతో మా ఊళ్లో బస్సు దిగింది. తర్వాత పెద్దమనుషుల్ని పంపినా వాళ్లు పిల్లవాణ్ణి ఇవ్వలేదు, చూడనివ్వను కూడా లేదు.

వాడకట్టులో అడిగినవాళ్లందరికీ మా అమ్మ ఒకటే మాట చెప్పింది. "మొగడు ఇడిసిపెట్టిండు." అమ్మ తెలివైనది. మొగుడు వదిలేసినదాని మీద జాలిపడతారు, తనంతట తాను వచ్చేసినదాన్ని బతకనివ్వరు. అదీగాక అమ్మకు వేరే మాట దొరికి ఉండదు. మా దగ్గర మొగవాడు ఇడిసిపెడతాడు, ఆడది లేచిపోతుంది. ఎవరి వెంటా కాక ఒక్కతే నడిచి వచ్చేసిన ఆడదానికి మాటే లేదు. అక్క ఆ అబద్ధాన్ని ఎన్నడూ కాదనలేదు. అమ్మ పోయాక కూడా అది అలాగే చలామణీలో ఉంది.

ఇంతకూ ఆ నవలలో భార్య కూడా ఒక్కతే వెళ్లిపోతుంది. అది వెళ్లిపోవడం గురించిన నవలే. నేను అక్కతో ముందే చెప్పాను, వేరే పుస్తకం చదువుదామన్నాను. "నాకు జెప్తివి గదా, ఇగ నాకేం భయం. గదే చదువు," అంది.

మొదటి ఆదివారమే గొడవ మొదలైంది. నవలలో భార్య ఇల్లు వదులుతుందని ముందుగానే చెప్పడం నా పొరపాటు.

"ఎవనితోని లేచిపోయింది?" అంది కిరాణం ఆమె.

"ఎవరితోనూ కాదు. ఒక్కతే."

"ఒక్కతె పోతే గదేం లేచిపోవుడు? ఎవడో ఒకడు ఉంటడు సూడు. నీకు సరిగ సమజ్ అయినట్టు లేదు."

నేను పాఠం చెప్పే మనిషిని, నాకే సమజ్ కాలేదంటే కోపం వచ్చింది. అమ్మాయి ముసిముసిగా నవ్వింది. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ కిరాణం ఆమె ఆ మొగవాడి కోసం కాచుకుని కూర్చుంది. పాలవాడు వచ్చినా అనుమానమే, బంధువు వచ్చినా అనుమానమే. ఆఖరికి కథలో ఒక ముసలి పంతులు ప్రవేశిస్తే "వీడేనా?" అంది. మేమంతా పగలబడి నవ్వాం. అక్క కూడా నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

నవలలో మొగుడు కొట్టడు, తిట్టడు. భార్యను ఏ సంగతీ అడగడు, అంతే. ఇది మా వాళ్లకు మింగుడు పడలేదు.

"కొట్టలేదు, తాగలేదు. ఇంక ఏం పరేషాన్ ఆమెకు?" అంది కిరాణం ఆమె.

"మాట్లాడకపోవుడు తక్కువ కష్టమా?" అంది అమ్మాయి. పెళ్లి కుదిరినప్పటి నుంచి ఆ పిల్ల కాబోయేవాడి ఫోన్ కోసం ఎదురుచూడడం నేను చూస్తూనే ఉన్నాను.

అవ్వ మాత్రం ప్రతి అధ్యాయానికీ ఒకే మాట అనేది, "అయ్యో పాప." కన్నడంలో అయ్యో పాపం అని. మొగుడి గురించి చదివినా, పెళ్లాం గురించి చదివినా, ఆ ఇంటి ఆవు గురించి చదివినా అదే మాట. నాకు దొరికిన పాఠకులందరిలో ఆమే నిష్పాక్షికురాలు.

చివరి అధ్యాయం రోజున నాకు దుకాణం మెట్లు ఎక్కాలనిపించలేదు. ఆ అధ్యాయంలో, ఇంటిల్లిపాదీ భోంచేసి పడుకున్న వేళ, ఆ తల్లి నిద్రపోతున్న కొడుకును గుండెలకు హత్తుకుని, ముద్దులు పెట్టుకుని, కన్నీళ్లతో వాడి చెంపలు తడిపి పెరటి తలుపు తీసుకుని వెళ్లిపోతుంది. గొంతు బాగాలేదన్నాను. వచ్చే వారం చదువుతానన్నాను. అక్క మిషన్ ఆపి నా వైపు చూసింది.

"చదువు చెల్లె. ఆపకు."

చదివాను. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాను. ముందుగా కిరాణం ఆమె అంది.

"గదీ ఒక తల్లేనా? కన్నపిలగాణ్ణి పండవెట్టి పోతదా? కుక్క సుత పోదు." తర్వాత అక్క వైపు తిరిగి, ఓదార్పుగా, "నీదంటే వేరే. నిన్ను మొగడు ఇడిసిపెట్టిండు, పిలగాణ్ణి గుంజుకున్నడు. నువ్వేం జేస్తవు? గీమె కండ్ల ముంగట ఉన్న పిలగాణ్ణి ఇడిసి పోయింది," అంది.

ఆమె మంచిమాటే అంటున్నాననుకుంది. అక్క చేతిలోని జాకెట్టు గుడ్డను మడిచి పక్కన పెట్టింది.

"నన్నెవడు ఇడిసిపెట్టలె," అంది. "నేనే వచ్చిన. పిలగాడు పండుకున్నప్పుడు."

ఇన్నేళ్ల అమ్మ అబద్ధం అలా పోయింది. అమ్మాయి తల వంచుకుంది. కిరాణం ఆమె దుకాణం చూసుకోవాలంటూ లేచింది. అవ్వ లేవలేదు. "అయ్యో పాప," అంది, ఈసారి అక్క చేయి పట్టుకుని.

అక్క నన్నే చూస్తోంది. "పిలగాడు లేసినంక ఏం జేసిండో రాయలేదా?"

"లేదక్కా. కథ అక్కడితో అయిపోయింది."

"మంచిగ సూడు. ఆఖరికి ఎక్కడన్న ఉంటది."

ఉండదని తెలిసి కూడా నేను పేజీ తిప్పాను. అట్ట తప్ప ఏమీ లేదు. అక్క పుస్తకం తీసుకుని తనే చూసింది. ఆమెకు చదవడం వచ్చు, నా మీద నమ్మకం లేక చూసిందని కాదు. ఆ పిల్లవాడు లేచి ఏం చేశాడన్నది ఆమెకు కావాలి. ఇన్నేళ్లుగా ఆమెకు కావలసింది అదొక్కటే. ఏడ్చాడా, ఇల్లంతా వెతికాడా, ఎవరైనా అన్నం పెట్టారా. అది చెప్పగలిగిన మనుషులు ఆమెతో మాట్లాడరు.

సాయంత్రం ఇంటికి నడుస్తుంటే అక్క తనంతట తానే మాట్లాడింది.

"ముద్దు పెట్టుకున్నదంట. పిలగాడు లేస్తడు గదా చెల్లె? నేను ముట్టనన్న ముట్టలె. ముందురోజు రాత్రంత ఇంట్ల లొల్లి, ఎవ్వరికి నిద్ర లేదు. పగటీలి వాని పక్కల ఒరిగిన. వాడు నా కొంగు పిడికిట్ల పట్టుకొని పండుకున్నడు. గుంజితే లేస్తడని శానసేపు గట్లనే కూసున్న."

"మరెట్లా వచ్చావు?"

"ఎట్లనో. వచ్చింది కొంగు."

ఆమె అంతకంటే చెప్పలేదు. ఏడవను కూడా లేదు. ఏడ్చింది నేను, బజారులో, అందరూ చూస్తుండగా.

పత్రికకు మిగతా ముగ్గురి అభిప్రాయాలూ పంపాను. అచ్చయ్యాయి కూడా. అక్కది పంపలేదు, అది అభిప్రాయంలా తోచలేదు నాకు. కిరాణం ఆమె చాలా రోజులు మా దుకాణం గడప తొక్కలేదు. తర్వాత ఒకరోజు జాకెట్టు గుడ్డ పట్టుకొచ్చి, ఏమీ జరగనట్టు కొలతలిచ్చి పోయింది. అది ఆమె క్షమాపణో, జాకెట్టు అవసరమో నాకు తెలియదు.

మార్చిలో ఇంటర్ పరీక్షల డ్యూటీ కంగ్టిలో పడింది. సాయంత్రం తిరుగు బస్సు కోసం నిలబడి ఉంటే ఒక షేర్ ఆటో నా ముందు ఆగింది. నడిపే అతను ఇరవై ఏళ్ల కుర్రాడు, చూడగానే అక్క కొడుకని పోల్చుకున్నాను. అక్క కనుబొమలే, అక్క కింది పెదవే. బంధువుల పెళ్లిలో ఎప్పుడో దూరంనుంచి చూశానంతే.

"ఎక్కు చిన్నమ్మా," అన్నాడు.

ముందు సీట్లో అతని పక్కన కూర్చున్నాను. దారిలో మిగతావాళ్లు ఒక్కొక్కరే దిగిపోయారు. రెండు వైపులా కంది కోసేసిన చేలు. "మంచిగున్నదా?" అన్నాడు. ఎవరని చెప్పలేదు. బాగుందన్నాను. ఇంక ఉండబట్టలేక అడిగేశాను, అక్క ప్రశ్నను అక్క మాటల్లోనే. ఆ రోజు నిద్ర లేచాక ఏం చేశావురా అని.

అతను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"నేను పండుకోలె చిన్నమ్మా. కండ్లు మూసుకున్న, గంతే."

"మరెందుకు లేవలేదురా?"

"లేస్తే ఆగుతుండె గదా. పొద్దుమీకి, చీకటి వడంగనే బాపు వస్తుండె."

ఆరేళ్ల పిల్లవాడికి అంత లెక్క ఎలా తెలిసిందో! తెలిసే ఇంట్లో పెరిగాడు, అంతే. ఊళ్లోకి వచ్చాక సందు మొదట్లోనే ఆటో ఆపాడు. దుకాణం దాకా రమ్మంటే, "ఇంకోపారి," అన్నాడు. "అమ్మకు చెప్పనా?" అంటే తలూపాడు.

అక్క కటింగ్ బల్ల ముందు నిలబడి ఉంది. నిలబడే విన్నది. పిల్లలు కథను మళ్లీ చెప్పించుకున్నట్టు రెండోసారి చెప్పించుకుంది. తర్వాత తన కుడిచేతి వేళ్లను మెల్లగా మడిచి, మెల్లగా విప్పి, ఆ చేతివైపే చూస్తూ ఉండిపోయింది.

"నేను గుంజలె చెల్లె," అంది చివరకు. "గుంజకముందే వచ్చింది కొంగు. నిద్రల జారిందనుకున్న."

నేను ఆమె పక్కకు వెళ్లి నిలబడ్డాను.

"అమ్మ వాడకట్టుకు చెప్పింది అబద్ధం కాదే. నన్ను ఇడిసిపెట్టిండు. వాడు ఇడిసిపెట్టిండు."