నేను చెరిపేసిన ఓటములు

ఆ రోజుల్లో నాకు అన్నిటికన్నా బాగా వచ్చిన విద్య ఓడిపోవడం. అందులో నాకు గురువంటూ ఎవరూ లేరు, అంతా స్వయంకృషి. చరిత్రలో పరిశోధన చేద్దామని సింగపూర్ వచ్చి, రెండేళ్ళపాటు లైబ్రరీ ఏసీ చలికి శాలువా కప్పుకుని కూర్చుని, చివరికి అర్హత పరీక్ష తప్పాను. "పోనీ, ఈ ఎమ్మే పట్టా పుచ్చుకుని దయచేయండి" అన్నట్టు యూనివర్సిటీ వారు మర్యాదగా సాగనంపారు. తరవాత ఉద్యోగాల వేట. వేట అన్నమాటే గానీ అందులో లేడిని నేనే. పొద్దున లేచి ఫోను తీస్తే చాలు, ఎక్కణ్ణుంచో ఒక మెయిలు, 'మీ దరఖాస్తు అన్‌సక్సెస్‌ఫుల్ అయినందుకు చింతిస్తున్నాం' అని. (నా కోసం ఇంతమంది పెద్దవాళ్ళు చింతిస్తున్నారని తెలిస్తే మా అమ్మ ఎంత పొంగిపోయేదో! తెలియనివ్వలేదు. అడిగినప్పుడల్లా "ఇంకా రిజల్ట్ రాలేదమ్మా" అనేదాన్ని. ఆ రిజల్టు ఏడాదిన్నర పాటు రాలేదు.)

ఆఖరికి ఊళ్ళోనే ఆంగ్ మో కియో అనే పేటలో, ఫ్యాక్టరీల మధ్య ఒక పాత భవనం నాలుగో అంతస్తులో నాకు పని దొరికింది. మా కింది అంతస్తు బిస్కెట్ల కంపెనీది. పొద్దస్తమానం వెన్న కాలిన కమ్మటి వాసన, ఆ వాసనలో మా ఆకలి. మా పని ఏమిటంటే, అమెరికాలో ఎవరో పుణ్యాత్ములు ఆ దేశంలో ఇప్పటిదాకా పదవులు చేసిన వాళ్ళందరి జీవిత వివరాలూ కంప్యూటరులోకి ఎక్కించదలిచారు. పెద్ద పెద్ద నాయకుల దగ్గర్నించి ఊరూ పేరూ తెలియని జిల్లా గుమాస్తా దాకా, చచ్చినవాళ్ళు, బతికున్నవాళ్ళు, అందరూ. పాత పుస్తకాల పేజీల ఫోటోలు వాళ్ళు పంపితే, మేము చదివి గళ్ళలో నింపాలి. పుట్టిన ఊరు, చదువు, చేసిన పదవులు, నిలబడ్డ ఎన్నికలు, చావు, సమాధి. చిత్రగుప్తుడి ఆఫీసులో తాత్కాలిక ఉద్యోగం అన్నమాట, కాకపోతే పాపపుణ్యాల గడి లేదు. తుని దగ్గర పుట్టిన పిల్ల సింగపూర్‌లో కూర్చుని అమెరికా వాళ్ళ సమాధులు ఎందుకు ఎక్కించాలి అని మొదటిరోజే మేనేజరుని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని "నో నీడ్ టు థింక్ లా. జస్ట్ కీ ఇన్" అన్నారు, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో సహా. సెలవు అడిగినా, కిటికీ తెరుద్దామన్నా "కెనాట్" అనే ఆయన జవాబు. అందుకని మేమిద్దరం ఆయన్ని కెనాట్ సార్ అనుకునేవాళ్ళం.

మేమిద్దరం అంటే నేనూ, పక్క కుర్చీలో ఆంటీ. ఆవిడ ముత్తాత తెల్లవాళ్ళ కాలంలో విశాఖపట్నం వైపు నుంచి రబ్బరు తోటల్లోకి వచ్చినవాడట. ఆంటీ అచ్చుయంత్రాల దగ్గర ప్రూఫులు దిద్దుతూ ముప్ఫై ఏళ్ళు గడిపి, ఆ ప్రెస్సు మూతపడ్డాక ఇక్కడ చేరింది. ఇండియా చూసింది ఒకే ఒక్కసారి, తిరపతిలో గుండు చేయించుకోవడానికి. నన్ను చూసిన తొలిరోజే "ఏటమ్మా, మొకం అలా ఏలాడేసుకున్నావు? మకాన్ అయిందా?" అంది. మకాన్ అంటే తిండి అని నాకు తెలియదు. మకాం సంగతి అడుగుతోందనుకుని "యూ టీ పేటలో ఆంటీ, రూమ్ అద్దెకి" అన్నాను. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వి, డబ్బాలోంచి రెండు ఇడియాప్పాలు తీసి నా చేతిలో పెట్టింది.

పని మొదలెట్టిన వారానికి ఒక సంగతి గమనించాను. గొప్పవాళ్ళకి పేజీలకు పేజీలు ఉంటాయి. చిన్నవాళ్ళకి నాలుగు లైన్లే. రైతు కొడుకు, వానాకాలం చదువు, ఒక్కసారి గెలుపు, ఆ తరవాత 'అన్‌సక్సెస్‌ఫుల్ కేండిడేట్'. మరోసారి అన్‌సక్సెస్‌ఫుల్ కేండిడేట్. తిరిగి వ్యవసాయం. చావు. నా మెయిళ్ళలో ఉండే మాటే, అక్షరం తేడా లేదు. రోజంతా ఆ మాట నేనే టైపు చేస్తూ కూర్చోవాలి. పుండు మీద కారం చల్లడానికి నాకు జీతం ఇస్తున్నట్టుండేది.

ఒక రోజు పొద్దున, నేను ఎంతో ఆశ పెట్టుకున్న ఒక మ్యూజియం ఉద్యోగం పోయినట్టు మెయిలు వచ్చింది. రైల్లో నిలబడి చదివి, ఏడుపు మింగి, ఆఫీసుకొచ్చి మొదటి పేజీ తెరిచాను. ఎవరో ఒక పాతకాలపాయన. యుద్ధంలో కాలు పోయింది. ఒకసారి గెలిచాడు, మూడుసార్లు ఓడాడు. ఉన్న నాలుగు లైన్లలో మూడు ఓటములే. పోయి వందేళ్ళు దాటిన కుంటివాడి వెనక ఈ మాట ఇంకా ఎందుకు పడాలి అనిపించింది. ఆ మూడూ ఎక్కించలేదు. పదవి ఎక్కించాను, కాలు ఎక్కించాను, సమాధి ఎక్కించి పంపేశాను. ఆ మధ్యాహ్నం తిండి దుకాణాల హాకర్ సెంటర్లో అన్నం చాన్నాళ్ళ తరవాత నాకు రుచిగా అనిపించింది.

అక్కణ్ణుంచి అదొక అలవాటైపోయింది. రోజుకి ఇద్దరు, ముగ్గురు, మనసు మరీ బాగాలేని రోజున పదిమంది. నేను తలుచుకున్నవాడికల్లా జీవితంలో ఓటమి లేకుండా పోయేది. అంత దయలోనూ నాకు విచక్షణ ఉండేదండోయ్. బానిసలను కొన్నవాళ్ళ ఓటములు ఒక్కటి కూడా వదలకుండా, కామాలతో సహా ఎక్కించేదాన్ని. తీరా చూస్తే నా బతుకులో ఒక్క లైను కూడా దిద్దుకోలేను గానీ, అవతలి దేశంలో ఒక తరం తరాన్నే గెలిపించేశాను.

ఒక సోమవారం కెనాట్ సార్ నన్ను గాజుగదిలోకి పిలిచారు. బల్ల మీద ఒక ఉత్తరం ప్రింటు తీసి పెట్టి ఉంది. అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో, స్కూలు బస్సు నడిపి రిటైరైన ఒక పెద్దాయన రాసిందట. ఒక్కసారి మాత్రం తమ రాష్ట్ర శాసనసభకు ఎన్నికైనాయన. ఆయన నాకు బాగా గుర్తే. చావు గడి ఖాళీగా ఉంది, అంటే బతికే ఉన్నాడు. గెలుపు ఒకటి, ఓటములు ఆరు. బతికున్న మనిషి చూసుకుంటే ఎంత బాధపడతాడో అని ఆ ఆరూ తీసేశాను. నేను చేసిన పుణ్యకార్యాలన్నిటిలోకీ అదే గొప్పదని అనుకుంటూ ఉండేదాన్ని. ఆయనకి కోపం వచ్చిందట. మాట్లాడాలట. అక్కడ సాయంత్రమయ్యేసరికి, అంటే మనకి మర్నాడు పొద్దున్నే, వీడియో ఫోను చేస్తారట.

పని పోతే ఈ దేశంలో ఉండనిచ్చే వర్క్ పాస్ పోతుంది. పాస్ పోతే పెట్టె సర్దుకోవడమే. ఆ సాయంత్రం ఆంటీకి అంతా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. "ప్రూఫు దిద్దేవోళ్ళు తప్పులే దిద్దాలమ్మా, మనుసుల రాతలు కాదు" అంది. తిట్టినా బాగుండును.

మర్నాడు తొమ్మిదింటికి తెరమీద పెద్దాయన కనిపించారు. ఎర్రటి ముఖం, పెద్ద చెవులు, వెనక గోడ మీద ఒక క్యాలెండరు. పక్కన మనవరాలు కాబోలు, కెమెరా సర్దుతోంది. కెనాట్ సార్ క్షమాపణలు మొదలుపెట్టబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు.

"నా పేజీ ఎక్కించింది ఎవరు?"

"నేనేనండి."

"పుస్తకంలో ఆరు ఓటములు ఉన్నాయి. నీకు కనబడలేదా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. ఫోటో మసగ్గా ఉందని చెప్పొచ్చు. కెనాట్ సార్ కూడా అదే చెప్పమన్నట్టు బల్ల కింద నా కాలు తన్నారు. "కనబడ్డాయండి. తీసేశాను. జాలేసి" అన్నాను.

ఆయన మనవరాలి వైపు చూశారు. నా యాస అర్థం కాలేదేమో అనుకున్నాను. అర్థమైంది.

"చూడమ్మాయ్. మా జిల్లాలో ఒకే పార్టీ. ఎప్పుడూ ఒక్కడే నిలబడేవాడు, ఎప్పుడూ ఆ ఒక్కడే గెలిచేవాడు. మా నాన్న ఓటు వెయ్యడానికి వెళ్ళి, ఒకే పేరు ఉన్న కాగితం చూసి, తిట్టుకుంటూ తిరిగొచ్చేవాడు. ఆ కాగితం మీద రెండో పేరు ఉండాలని నాకు పట్టుదల. అందుకని నా పేరు పెట్టాను. ఆరుసార్లు. ఏడోసారి అవతలివాడు జబ్బుపడి తప్పుకుంటే గెలిచాను. ఆ గెలుపు ఆస్పత్రిది, నాది కాదు. ఓడిపోవడం మాత్రం పూర్తిగా నేనే చేశాను. ఇప్పుడు నీ పేజీ చూసినవాడు ఏమనుకుంటాడు? అన్నేళ్ళూ అక్కడ ఎవరూ నిలబడలేదనుకుంటాడు. అది అబద్ధం కదా?"

తల కొట్టేసినట్టయింది. గాజు గోడ అవతల ఆంటీ టైపు చెయ్యడం ఆపేసి ఇటే చూస్తోంది. "క్షమించండి" అన్నాను.

ఆయన కాస్త మెత్తబడి "నువ్వీమధ్య ఏదైనా ఓడిపోయావా?" అని అడిగారు.

"పదకొండు ఉద్యోగాలండి. ఒక పీహెచ్‌డీ."

"అయితే ఇప్పుడిప్పుడే మొదలెట్టావన్నమాట" అని, మనవరాలికి సైగ చేసి ఫోను కట్టేశారు.

కెనాట్ సార్ లేచి తలుపు వేశారు. "హౌ మెనీ యూ డిలీట్?"

"డోంట్ నో సర్."

"డోంట్ నో? కెనాట్ డోంట్ నో!" అని ఆయన అరిచిన అరుపుకి కింద బిస్కెట్లు మాడి ఉంటాయి. నిజంగానే నాకు తెలియదు. ఎవరివి తీశానో రాసిపెట్టుకోలేదు. పుణ్యం చేస్తూ పద్దు ఎవరు రాసుకుంటారు? నన్ను అప్పటికప్పుడే పంపించేద్దామని ఆయనకి ఉంది, కానీ నేను ఎక్కించిన ప్రతి పేజీనీ మళ్ళీ పుస్తకంతో సరిచూడాలి, ఆ పని నాకంటే చవగ్గా ఎవరూ చెయ్యరు. అలా నా తప్పే నన్ను మరికొన్ని వారాలు నిలబెట్టింది.

ఆంటీ తన పని పక్కన పెట్టి నాకు తోడు కూర్చుంది. ఆవిడ పుస్తకం చూసి పైకి చదవాలి, నేను తెర చూసి, లేనిది చేర్చాలి. ప్రూఫు చదివే పాత పద్ధతిలో, సాగదీసిన గొంతుతో, రోజంతా ఓటములు. ఎంతమందినో గెలిపించిన చేత్తో ఒక్కొక్కళ్ళనే మళ్ళీ ఓడించుకుంటూ రావడం ఎలాంటిదో చెప్పలేను. కుంటాయన పేజీ వచ్చిన రోజు నాకు అన్నం సయించలేదు.

మూడో వారం కాబోలు, ఆంటీ ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. ఎవరో బడిపంతులు. ఇద్దరు పిల్లలు పోయారు, పెళ్ళాం పోయింది, నాలుగుసార్లు నిలబడ్డాడు, నాలుగుసార్లూ పోయింది. చివర్లో ఆర్నెల్లు ఎవరి బదులో సభలో కూర్చున్నాడు.

"అలమాక్! ఈడి బతుకేటమ్మా ఇలాగుంది" అంది ఆంటీ కళ్ళు ఒత్తుకుంటూ. తరవాత గాజుగది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఈ ఒక్కడివీ వదిలెయ్ లా. ఎవురికి తెలస్తాది?" అంది.

"కెనాట్ ఆంటీ" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో గానీ, కెనాట్ సార్ బయటికొచ్చి "వాట్ హ్యాపెన్?" అనేదాకా ఆగలేదు. పంతులుగారి నాలుగు ఓటములూ నేనే ఎక్కించాను, ఆంటీ ముక్కు చీదుకుంటూ చదివింది.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. సరిచూడ్డం అయిపోయాక అమెరికా వాళ్ళు మిగిలిన పని మా దగ్గర్నించి తీసేసుకున్నారు. వాళ్ళని తప్పుపట్టలేం. మా గది మూసేశారు. నాతోపాటు ఆంటీ కుర్చీ కూడా పోయింది. నేను ఎవరి మీదో జాలిపడితే, తప్పేమీ చెయ్యని మనిషి ఉద్యోగం పోయింది. ఆవిడ కాళ్ళ మీద పడబోతే "పోతే పోయింది లా, మోకాళ్ళు ఎలాగూ పనిసెయ్యట్లేదు" అంది. మోకాళ్ళు పనిచెయ్యని ఆ మనిషే తరవాత మేనకోడలి దోసెల స్టాల్లో నిలబడి ఉల్లిపాయలు తరిగేది. ఆదివారాలు వెళ్ళి నేనూ తరిగేదాన్ని. అక్కడ కన్నీళ్ళకి ఎవరూ కారణం అడగరు.

పెట్టె సర్దుకోవడానికి రెండు రోజుల ముందు రాఫెల్స్ ప్లేస్‌లో ఒక ఆఫీసు వాళ్ళు పాత ఫైళ్ళు సర్దే పనికి తీసుకున్నారు. పన్నెండో దరఖాస్తో, పదిహేనోదో. అందులోనే ఉండిపోయాను. పెద్ద ఉద్యోగం ఏం కాదు. ఇప్పటికీ ఫైళ్ళే. పీహెచ్‌డీ కోసం తరవాత రెండుసార్లు రాశాను, రెండుసార్లూ రాలేదు. పర్మనెంట్ రెసిడెన్సీకీ అంతే.

నిరుడు ఒక సాయంత్రం యూ టీకి వెళ్తూ రైల్లో నిలబడి, ఎందుకో ఆ పెద్దాయన పేజీ వెతికాను. చావు గడి నిండిపోయింది. ఊరి శ్మశానం పేరూ ఉంది. వేలితో పైకి జరుపుకుంటూ వెళ్ళాను. ఓటములు ఒకటి, రెండు, మూడు... ఆరు దాటి ఏడోది కనిపించింది. మాతో ఫోనులో మాట్లాడిన మరుసటి ఏడు, ఎనభై తొమ్మిదో ఏట, మళ్ళీ నిలబడ్డారు. మళ్ళీ ఓడిపోయారు.

గట్టిగా నవ్వేసరికి ఎదుటి సీట్లో ఆవిడ సంచీ దగ్గరికి లాక్కుంది. ఆ నాలుగో అంతస్తులో కూర్చునే అమ్మాయైతే ఈ లైను చూసి ముక్కు ఎగబీల్చి, ఎవరూ చూడకుండా డిలీట్ మీద వేలు పెట్టేది. పిచ్చిపిల్ల! తనకి కావలసిన ఓదార్పంతా ఆ లైన్లోనే ఉందని ఎవరు చెప్పినా వినేది కాదు.