పద్మనాభంగారి గడ్డి బ్రేకు

దారి పక్కన కొత్త గడ్డి కనబడితే పద్మనాభంగారి కారు ఆగాల్సిందే. వెనక లారీ వస్తోందా, పక్కవాడి కాఫీ చొక్కా మీద పడిందా అన్న విచారం ఆయనకు లేదు. ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పకపోవడంతో, మొదటిరోజు ఆ కారెక్కిన ఫణి గుండెలు చేత్తో పట్టుకుని "యాక్సిడెంటా?" అని కేక పెట్టాడు.

"కాదు నాయనా, బ్లూస్టెమ్ గడ్డి!" అప్పటికే ఆయన కంచె దగ్గరున్నారు.

యాభై దాటిన పద్మనాభంగారు అమెరికాలోని బెంటన్‌విల్‌లో డేటాబేస్‌లు చూసే కాంట్రాక్టరు. అదే ప్రాజెక్టులో చేరిన ఫణి, నమ్రత కూడా ఆయనలాగే అరగంట దూరంలో, అద్దెలు తక్కువున్న ఊళ్ళో ఉండేవారు; రోజూ ఆయన కారులోనే ఆఫీసుకి వెళ్ళేవారు. దారి పొడుగునా ఆవులు మేసే బీళ్ళే. అంటే దారి పొడుగునా బ్రేకులే.

కోసుకొచ్చిన గడ్డిని ఆయన ఫణి ఒళ్ళో పడేసేవారు. "ఆకు కాడకి అతుక్కునే చోట చూడు. పొర ఉందా, వెంట్రుకలున్నాయా? గడ్డికి అదే వేలిముద్ర. పువ్వొచ్చాక ఎవడైనా చెప్తాడు."

"ఏందన్నా, ఆవులు గిట్ల చూసుకునే తింటయా?" అనేది వెనక సీట్లోంచి నమ్రత.

"అవి చూసుకుంటాయమ్మా. మనమే చూసుకోం."

ఆయన భార్య లక్ష్మిగారు, ఇంటికెళితే బజ్జీలు పెట్టి, ఇంకో కథ చెప్పేవారు. పెళ్ళిరోజుకి పూలు తెమ్మంటే, ఈయన మోపెడు గడ్డి కంకులు తెచ్చారట.

"నేనేమైనా ఆవునా?" అన్నారట ఆవిడ.

"ఛ ఛ, ఆవుకయితే ఇది పెడతానా? మన జొన్నకి దాయాది. మంచు కురిసిందంటే దీంట్లో నాము అనే విషం పుడుతుంది. మేస్తే ఆవు చచ్చిపోతుంది!"

విన్న ఫణి నోట్లో బజ్జీ నోట్లోనే ఉండిపోయింది.

ఎక్కడైనా కొత్త గడ్డికే ఆగే మనిషి, ఒక్క గేటు దగ్గర మాత్రం రోజూ ఆగేవారు. లోపలున్న పశువుల పాకవెనక్కి వెళ్ళి, తీరిగ్గా తిరిగొచ్చేవారు. ఏముందక్కడ అంటే "గడ్డి" అనేవారు.

ఫణి క్లయింటుకి మొదటి డెమో ఇవ్వాల్సిన రోజొచ్చింది. అది తేడా కొడితే కాంట్రాక్టు ఎక్స్‌టెండ్ చేయరు. ఆ తర్వాత వీసా గతి ఏమిటో దేవుడికే తెలియాలి.

"ఈ ఒక్కరోజూ ఆపకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"అలాగే నాయనా, అలాగే."

ఆ గేటు రాగానే కారు ఆగింది. ఈరోజు గడ్డి ముఖ్యమో మనిషి ముఖ్యమో తేల్చేద్దామని ఫణి వెంటబడ్డాడు.

పాకవెనక కుర్చీలో ఓ ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆ బీడు ఆయనదే, పేరు వెర్నన్. చూపు ఎటో ఉంది. పద్మనాభంగారు ఆయన చేతిలో ఓ పరక పెట్టి, "ఇదేమిటో అంతుపట్టడం లేదండీ" అన్నారు.

ఫణి ఆ పరక చూసి బిత్తరపోయాడు. గరిక! వినాయకుడి పూజ ఒక్కసారి చేసినవాడికైనా తెలిసే గరిక! పరుగెత్తే కారులోంచి గడ్డికి పేరు చెప్పే మనిషికి గరిక తెలియదా?

వెర్నన్ వేళ్ళతో కణుపు తడిమాడు. "మళ్ళీ ఇదేనా! బెర్ముడా గడ్డయ్యా! నిన్ననేగా చెప్పాను? ఇదిగో, ఇక్కడ వెంట్రుకలు. నీ బుర్రకి ఎక్కదేం?"

"ఎక్కడం లేదండీ," అన్నారు పద్మనాభంగారు, బుర్ర గోక్కుంటూ.

"రేపు రా. నీకు చాలా నేర్పాలి." ముసలాయన ముఖం వెలిగిపోతోంది.

తిరిగొస్తూ ఫణి నిలదీశాడు. "గరిక మీకు తెలియదా?"

"కిందటేడు చూపు పోయిందయ్యా ఆయనకి. ఆవుల్ని అమ్మేశారు. ఓసారి గడ్డికోసం ఇక్కడ ఆగితే, ఇంకా నేనెందుకని తిండి మానేస్తున్నాడని ఆయన కూతురు నా దగ్గర ఏడ్చింది. నాకు గడ్డి నేర్పమన్నాను."

"ఏడాదిగా నేర్చుకుంటూనే ఉన్నారా?"

"పాసైతే పాఠం ఆపేస్తాడు కదా!"

ఇంతలో నమ్రత హారన్ మోత మొదలెట్టింది. పరుగున వెళ్ళి సమయానికి ఆఫీసులో పడ్డారు. డెమో గట్టెక్కింది, కాంట్రాక్టూ నిలిచింది.

కొన్నాళ్ళకి పద్మనాభంగారు జ్వరంతో పడుకున్నారు. ఆరోజు ఫణే డ్రైవ్ చేశాడు. గేటు దగ్గర బ్రేకు పడేసరికి నమ్రత ముందుకి తూలింది.

"ఏందిరా, నీగ్గూడ గదే రోగం అంటిందా?"

ఫణి దిగి, ఆలోచించి, మూడాకుల క్లోవర్ మొక్కొకటి పీకాడు. పాకవెనక్కి వెళ్ళి, పద్మనాభంగారికి జ్వరమని చెప్పి, మొక్కని వెర్నన్ చేతిలో పెట్టాడు.

"ఇదేం గడ్డో తెలియడం లేదండీ."

వెర్నన్ ఆకులు తడిమి ఉలిక్కిపడ్డాడు. "ఇది అసలు గడ్డే కాదయ్యా!"

కాసేపు తల పట్టుకు కూర్చుని, పక్కనున్న బకెట్టు తడిమి బోర్లించాడు.

"నీకన్నా ఆ పెద్దాయనే నయం. కూర్చో!"