పాటలు ఎక్కుతున్నాయి, కుర్చీ కదపొద్దు

లంబాలైన్ పేటలో పాట వినాలనిపిస్తే అందరూ ఫోను తీస్తారు. గవరయ్య మాత్రం కుర్చీ తుడుస్తాడు, పాత కంప్యూటర్ మీది తువ్వాలు తీస్తాడు, కేబుల్ మూతి ఉఫ్ అని ఊది గుచ్చుతాడు, అప్పుడు సబ్బుబిళ్ళంత మినీడిస్క్ ప్లేయర్‌లోకి పాటలు ఎక్కిస్తాడు. లోకం ఆ యంత్రాన్ని మరిచిపోయి చాలా కాలమైంది. ఆ కబురు గవరయ్యకి చాలామంది చెప్పారు. ఆయన ఒప్పుకోలేదు.

అదంతా ఉత్త పిచ్చి అనుకోవడం పక్కింటి యువరాజ్ చేసిన పొరపాటు. ఆ పిచ్చి తనే కుదురుద్దామని నడుం కట్టడం అంతకన్నా పెద్ద పొరపాటు. యువరాజ్ ఫోన్లు బాగుచేస్తాడు. ఆ విద్య ఎవరి దగ్గరా నేర్వలేదు, ఇంట్లోవాళ్ళ ఫోన్లన్నీ వరసగా పాడుచేసి నేర్చుకున్నాడు. రిపేరుకి వచ్చిన ప్రతి ఫోనుకీ రింగ్‌టోన్‌గా మేక అరుపు పెట్టి ఇవ్వడం అతని ఫ్రీ సర్వీసు.

గవరయ్య దీవుల మధ్య తిరిగే ఫెర్రీల ఇంజన్ రూమ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. ఆ ప్లేయర్‌ని ఎప్పుడో హార్బర్‌లో తెరచాప పడవ రిపేరుకి ఆగిన ఓ తెల్లాయన, సంచీడు డిస్కులతో సహా ఇచ్చి వెళ్ళాడు. అప్పట్నుంచీ పాటలు ఎక్కించడమంటే గవరయ్యకి జనాన్ని ఓడ ఎక్కించడమే. ఫైలు అనడు, ప్యాసింజర్ అంటాడు.

"ప్యాసింజర్లు ఎక్కతన్నారు. ఎవరూ కుర్చీ కదపొద్దు," అని ముందుగా అనౌన్స్ చేస్తాడు.

"బాబాయ్, అది యూఎస్‌బీ. కుర్చీకీ దానికీ సంబంధం ఏటి?" అని యువరాజ్ అడిగాడు ఓసారి.

"నీకూ చదువుకీ సంబంధం ఏటి? అయినా మీ నాన్న ఫీజు కట్టలేదా? కూకో."

పాటలన్నీ ఎక్కాక ఏ పాట ఎక్కడుందో ప్లేయర్ డిస్కు మీద రాసుకుంటుంది. ఆ కాసేపట్లో కేబుల్ లాగినా, కుదిపినా ఎక్కిన పాటలన్నీ ఎక్కనట్టే. దీన్ని గవరయ్య 'సంతకం' అంటాడు. సంతకం జరుగుతుంటే ఇంట్లో ఫ్యాను తిరగకూడదు. భార్య ప్రమోద పోపు పెట్టకూడదు. తుమ్ము వచ్చినవాళ్ళు రోడ్డు మీదికి పోయి తుమ్మి రావాలి. చిక్కల్లా గోడకవతలే ఎయిర్‌పోర్టు. ఓరోజు సరిగ్గా సంతకం మధ్యలో విమానం దిగి కిటికీలు గడగడలాడాయి. గవరయ్య రెండు చేతులతో ప్లేయర్‌ని పొత్తిళ్ళలో బిడ్డలా పట్టుకుని, విమానం వైపు కొరకొరా చూశాడు.

"ఆగలేకపోయిందా ఓ నిమిషం?"

"పైలట్ నంబరుంటే ఇయ్యి, నాను మాట్లాడతాను," అంది ప్రమోద వంటింట్లోంచి.

ఎందుకింత తంటా అని ఎవరడిగినా ఆయనది ఒకటే జవాబు. "సౌండు. ఫోన్ పాట పల్చటి గంజి రా. డిస్కు పాట ముద్దన్నం. చెవిలో పడితే నిలబడతాది."

ఈ ముద్దన్నం సంగతేంటో తేల్చాలనుకున్నాడు యువరాజ్. ఓ ఆదివారం పొద్దున్నే వెళ్ళి, "బాబాయ్, నేను తెచ్చిన డిస్కు ఓసారి విని చెప్పు. అసలు సౌండు ఉందో లేదో నీ కన్నా తెలిసినవాళ్ళు ఈ ఐలాండ్‌లో లేరు కదా," అన్నాడు. గవరయ్య పొంగిపోయి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తల ఆడింది. వేళ్ళు మోకాలి మీద తాళం వేశాయి.

"ఎలా ఉంది?"

"వీణ చూడు ఎంత మెత్తగా నడిచిందో. ఫోన్లో వినగలవా ఇది?"

డిస్కులో ఏమీ లేదు. ఖాళీది.

యువరాజ్ గుమ్మం మీద కూలబడి నవ్వాడు. ప్రమోద మొదట చీవాట్లు పెట్టబోయి, తర్వాత తనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంజన్ రూమ్ ఆయన చెవుల్లో చాలా భాగం ఎప్పుడో నమిలేసిందని వీధికంతా ఆ పూట తెలిసింది. గట్టిగా మాట్లాడితే వింటాడు, మిగతాది పెదాలు చూసి లాక్కొస్తాడు.

గవరయ్య ఏమాత్రం తొణకలేదు. "ఖాళీ డిస్కే అంత బావుందంటే, పాటుంటే ఎలా ఉంటాదో ఆలోచించు," అని లోపలికి పోయాడు.

ఇక యువరాజ్‌కి పట్టుదల వచ్చేసింది. పాట వినపడని మనిషికి ఈ డిస్కుల గోల దేనికి? ఈయన్ని ఎలాగైనా ఫోన్ల కాలంలోకి తీసుకురావాలి. బుధవారం గవరయ్య చేపల మార్కెట్‌కి వెళ్ళగానే, "పిన్నీ, కంప్యూటర్ కాస్త క్లీన్ చేసిపోతాను," అని చెప్పి కూర్చుని, పాత విండోస్ పీకి కొత్తది వేసేశాడు. పాటలు వేరే డ్రైవ్‌లో ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు. పాటల్ని డిస్కుకి పంపే పాత సాఫ్ట్‌వేర్ మాత్రం పోయింది.

గవరయ్య తిరిగొచ్చి, చేపలు ప్రమోదకి ఇచ్చేసి, చేతులు కడుక్కుని, కుర్చీ తుడిచి, కేబుల్ ఊది గుచ్చాడు. స్క్రీన్ వైపు చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఇక్కడ బొమ్మ ఉండేది. నొక్కితే పాటలు ఎక్కేవి."

"అది పాతది బాబాయ్, ఎగిరిపోయింది. ఫికర్ వద్దు, పాటలన్నీ సేఫ్."

"అంటే ప్యాసింజర్లు జెట్టీ మీదే ఉన్నారు."

"హా."

"ఓడా ఉంది. మధ్యలో నిచ్చెన నువ్వు పీకేశావు."

యువరాజ్ తిట్లకి సిద్ధమయ్యాడు. తిట్లు రాలేదు. గవరయ్య మంచం అంచున కూర్చుని ప్లేయర్‌ని తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టాడు. తుడవడానికి దాని మీద దుమ్మేమీ లేదు.

"ఆదివారం రంగత్‌లో మా మేనకోడలి కూతురు సుష్మ పెళ్ళి. శుక్రవారం బస్సుకి ఈ డిస్కు పోవాలి," అన్నాడు చివరికి.

"ఇంతేనా? పాటలు వాళ్ళ ఫోన్‌కి పంపేస్తా, దో మినిట్ కా కామ్."

"వద్దు."

"ఎందుకు?"

"సౌండు."

ఖాళీ డిస్కులో వీణ విన్న మనిషి ఆ మాట అంటున్నాడు. యువరాజ్‌కి నవ్వు రావాల్సింది. ఆ మొహం చూస్తే రాలేదు.

"శుక్రవారం బస్సుకే ఎక్కిస్తాను. పీకింది నేనే కదా," అన్నాడు.

పాత సాఫ్ట్‌వేర్ వెతికి తెస్తే కొత్త విండోస్ దాన్ని గుమ్మంలోకి రానివ్వలేదు. మినీడిస్క్ మీద ఇంకా ప్రాణం పెట్టుకున్న పిచ్చివాళ్ళు ప్రపంచమంతా ఉన్నారని, బ్రౌజర్లోంచే డిస్కులోకి పాటలు పంపే పేజీ వాళ్ళలో ఒకరు తయారుచేశారని వెతగ్గా తెలిసింది. అది తెరిస్తే ప్లేయర్ కనపడదంది. డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ముక్క మార్చాలన్నారు. డ్రైవర్ దించుతుంటే నెట్ పోయింది. నెట్ వచ్చేసరికి కరెంటు పోయింది. యువరాజ్ తిండి కూడా అక్కడే తిన్నాడు. గవరయ్య పక్కనే స్టూలేసుకుని, అడగకుండా చాయ్ ఇస్తూ, ఒక్క సలహా కూడా ఇవ్వకుండా కూర్చున్నాడు. అదే యువరాజ్‌ని ఎక్కువ భయపెట్టింది.

గురువారం మధ్యాహ్నానికి ప్లేయర్ పేరు స్క్రీన్ మీద కనపడింది.

"గవరయ్య బాబాయ్, నిచ్చెన దొరికింది."

"కదలొద్దు, కదలొద్దు," అంటూ ఆయన కుర్చీ పట్టుకున్నాడు.

ఎక్కించే ముందు వరస సరిచూద్దామని యువరాజ్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటిది నొక్కాడు. పాట రాలేదు. గవరయ్య గొంతు వచ్చింది. ఫెర్రీ మైకులో చెప్పినట్టు ముందు హిందీలో, "యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దే." తర్వాత గొంతు మెత్తబడింది.

"అప్పా, నాను గవరయ్యని. ఇది స్నానాల పాట. బ్రూక్షాబాద్ బేబీరాణి ఒదిన పాడింది. రెండో చరణం దగ్గర నీకు మరుపొస్తాది కదా, అక్కడ గట్టిగా పాడమన్నాను. వైరు మీద బొడిపె ఉందే, దాన్ని కుడికి తిప్పు, ఇంకో పాట వస్తాది. ఎడమకి తిప్పితే మళ్ళీ ఇదే వస్తాది. కనపడాల్సిన పని లేదు, నీ వేలికి తెలుసు. గాబరా పడకు."

ప్రతి పాట ముందూ ఇదే. యాత్రీగణ్, తర్వాత అప్పా, తర్వాత గాబరా పడకు.

యువరాజ్ హెడ్‌ఫోన్లు తీసి వంటింట్లోకి వెళ్ళాడు. "పిన్నీ, అప్ప అంటే ఎవరు?"

"రంగత్‌లో ఉంటాది, ఆయన అక్క తవిటమ్మ. చూపు పోయింది," అంది ప్రమోద చేప తోముతూ. "ఒకప్పుడు ఆమె పాట ఎత్తుకోందే అక్కడ పెళ్ళి జరిగేది కాదు. ఇప్పుడు మాటలు మరిచిపోతంది. మధ్యలో ఆగిపోతే డీజే వాడు బాక్సులు పెట్టేస్తాడు, ఆమెని మూల కుర్చీలో కూకోబెడతారు. మనవరాలి పెళ్ళికైనా తనే పాడాలని పట్టు పట్టింది."

"ఫోన్ ఇవ్వొచ్చు కదా?"

"ఇచ్చాం బాబూ. అది అద్దం. ఎక్కడ నొక్కాలో వేలికేం తెలుస్తాది? పాట పెట్టబోతే పంతులుగారికి వీడియో కాల్ పోయింది. ఆయన స్నానంలో ఉన్నాడు. పెళ్ళికి ఆ పంతులుగారినే పిలవాల్సొచ్చింది, మొహమాటానికి."

"మరి ఈ పాటలన్నీ రికార్డు చేసింది..."

"ఈయనే. ఊళ్ళో ముసలమ్మలందరి ఇళ్ళకీ మైకు పట్టుకుని తిరిగాడు. వినపడదు కదా, మెషీన్ మీద గీతలు ఎగురుతాయే, అవి చూస్తాడు. ఎగిరితే పాట బావుందని ఇంకో చాయ్ ఇప్పిస్తాడు. ఓ ఇంట్లో పాట మధ్యలో కుక్క మొరిగింది. గీతలు బాగా ఎగిరాయి. 'ఇది అన్నిటికన్నా బావుంది' అని ఉంచేశాడు."

యువరాజ్ తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పాటలు ఒక్కొక్కటే ఎక్కాయి. ఆఖరిది ఎక్కాక ప్లేయర్ సంతకానికి దిగింది. అతనే లేచి ఫ్యాను ఆపాడు.

"పిన్నీ, పోపు ఆపు," అన్నాడు.

"వీడికీ పట్టింది," అంది ప్రమోద.

శుక్రవారం పొద్దున్న ప్లేయర్ తువ్వాలు చుట్టుకుని కండక్టర్ ఒళ్ళో రంగత్ వెళ్ళింది.

ఆదివారం పెళ్ళికి యువరాజ్ కూడా వెళ్ళాడు. డీజే బాక్సులు పందిరి స్తంభాలంత ఎత్తున నిలబడి ఉన్నాయి. డీజే కుర్రాడు వేలు బటన్ మీదే పెట్టుకుని ముసలామె ఎప్పుడు తడబడుతుందా అని చూస్తున్నాడు. తవిటమ్మ పీట మీద నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుంది.

"యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దే," అంది. "ఇది స్నానాల పాట."

తర్వాత ఎత్తుకుంది. డిస్కులో ఎలా విందో అలాగే నేర్చుకుంది, ఒక్క ముక్క వదల్లేదు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఈ ఇంటి ఆచారం కాబోలనుకుని యాత్రీగణ్ అన్నప్పుడల్లా సర్దుకుని కూర్చున్నారు. రెండో చరణం వచ్చింది, దాటింది. ఆడవాళ్ళు ఒకరొకరే గొంతు కలిపారు. ఓ పాట మధ్యలో మాత్రం తవిటమ్మ ఉన్నట్టుండి ఆగింది. డీజే కుర్రాడు బటన్ మీద వేలు నొక్కబోయాడు. ఆమె ఆగింది మరిచిపోయి కాదు. అక్కడ కుక్క మొరగాలి. కుక్కకి చాలినంత వ్యవధి ఇచ్చి, మళ్ళీ అందుకుంది. కాసేపటికి డీజే కుర్రాడే బాక్సుల స్విచ్ కట్టేసి, చెయ్యి చెంపకి ఆనించుకుని కూర్చున్నాడు.

గవరయ్య అక్కకి ఎదురుగా, ముందు వరసలో, కళ్ళార్పకుండా చూస్తున్నాడు. యువరాజ్ అంతసేపూ పక్కనే నోరు తెరవకుండా ఉన్నాడు కానీ, ఉండబట్టలేక ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా అడిగాడు.

"బాబాయ్, అప్ప ఎలా పాడుతోందో నీకు తెలుస్తోందా అసలు?"

"ఎందుకు తెలీదు? ఇంతసేపు నీ నోరు మూసుకునుంది. అంటే చాలా బాగా పాడతన్నాది. ఇప్పుడు తెరిచి పాడుచెయ్యకు."