నాది కాని మాటకు కొటేషన్లు

ఎనభై ఆరో సంవత్సరం, ఈస్టరు పండుగ తర్వాత వచ్చిన మొదటి మంగళవారం, పొద్దున పదకొండున్నర. నరసరావుపేటలో ఒక కాలేజీ గది. పోయిన పని అడుక్కోవడానికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను.

మాది గురజాల వైపు నాపరాళ్ల ఊరు. క్వారీలో రాయి తీసేదాన్ని. తీసిన రాయిని మేస్త్రీ తన జానతో కొలిచి, ఎన్ని జానలుంటే అంత కూలి ఇచ్చేవాడు. రాతిదుమ్ము నా మొగుడి ఊపిరితిత్తులను తినేసింది. ఆయన మందులైనా, మా ఇద్దరి గంజైనా నా రెక్కల మీదే. నలభై దాటాక చర్చి వరండాలో పెట్టిన వయోజన విద్యలో అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకోకపోయినా బాగుండేదని ఆ నెలలో చాలాసార్లు అనుకున్నాను.

మా ఊరి పిల్ల ఒకతె ఆ కాలేజీలో పెద్ద చదువు చదువుతూ క్వారీ కూలీల మీద వ్యాసం రాసింది. అంతకు ముందు ఏడు టేపురికార్డరు పట్టుకొచ్చి నన్ను మాట్లాడించింది. టైపు కొట్టించిన కాపీ ఊరికి తెస్తే, టీకొట్టు దగ్గర ఎవరో పైకి చదివారు. మేస్త్రీ విన్నాడు. మర్నాడే నన్ను పనిలోంచి తీసేశాడు.

నేను పిల్ల ఇంటికి పోయి ఆ పేజీ కూడబలుక్కుని చదివాను. “మేస్త్రీ కొలతల్లో మమ్మల్ని దోచుకుంటున్నాడు.” దాని పక్కన చిన్న అంకె. పేజీ అడుగున మళ్లీ అదే అంకె, దాని వెంబడే నా పేరు.

“ఈ మాట నేనెప్పుడన్నానే?”

“అదే అర్థం వచ్చేట్టు అన్నావుగా పెద్దమ్మా.”

“మరి అటొక జంట, ఇటొక జంట, ఈ గీతలేంది?”

“నువ్వన్నది అన్నట్టు రాశానని గుర్తు.”

“అన్నట్టు రాయలా గదే!”

పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

మేస్త్రీ కాళ్లావేళ్లా పడ్డాను. “ఆ మాట నువ్వనలేదని ఆ పిల్లకు చదువు చెప్పే సారు నోటితోనే చెప్పిచ్చు. మర్నాడే పనిలోకి రా” అన్నాడు. అందుకే మంగళవారం మేస్త్రీ, పిల్ల, నా మొగుడు, నేను రైలెక్కి నరసరావుపేట వెళ్లాం.

పిల్లకు గైడుగా ఉన్న సారు మంచివాడే. పేజీ చూసి ఆమెనే కేకలేశాడు. “ఈ గుర్తుల మధ్య నీ మాట ఒక్కటి కూడా ఉండకూడదు. నీ మాటల్లో చెప్పదలిస్తే గుర్తులు తీసెయ్. అంకె మాత్రం ఎట్లా రాసినా ఉండాల్సిందే.”

“గుర్తులు తీసినా కింద నా పేరుంటదా సారూ?”

“విషయం నీదే కదమ్మా. ఎవరు చెప్పారో చూపించాలి.”

కింద నా పేరుంటే మేస్త్రీ ఒప్పుకోడు. “అట్టయితే టేపు పెట్టండి. నేనంత మాట అన్లేదు. నేనన్నదేందో ఈయన చెవులారా వింటాడు” అన్నాను. మెత్తగానే చెప్పి ఉంటానని నా నమ్మకం. పిల్ల నా కొంగు లాగి, “వద్దు పెద్దమ్మా” అంది. నేను వినలేదు.

సారు టేపు పెట్టాడు. ఆడకూలీల నవ్వుల మధ్య నా గొంతు వచ్చింది.

“ఆ సచ్చినోడి జాన చానా పెద్దదమ్మా. మా రాయి కొలిచేటప్పుడు ఇంకా సాగుద్ది. కూలి ఇచ్చేటప్పుడు మటుకు పిడికిలయిద్ది.”

మేస్త్రీ తన చేతి వైపు ఒకసారి చూసుకున్నాడు. “దీనికంటే దోచుకుంటున్నాడన్నదే నయం గదే! ఇంకెప్పుడూ పనిలోకి రామాక” అని లేచాడు. నేను దణ్ణం పెట్టాను. ఆగలేదు.

సారు పేజీ ముందుకు లాక్కుని అడిగాడు. “ఏం చేయమంటావమ్మా? గుర్తులు తీసి పిల్ల మాటల్లోనే ఉంచనా? నీ మాట ఉన్నదున్నట్టు పెట్టనా?”

“నా మాటే పెట్టండి సారూ. సచ్చినోడుతో సహా. పని ఎట్టాగూ పోయింది, నేనన్నదానికే పోయిందనుకుంటా.”

ధైర్యంతో అన్న మాట కాదది. కాపాడుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

బయట మెట్టు మీద నా మొగుడు దగ్గుతూ కూర్చున్నాడు. “పనిచ్చాడా?” అని అడిగాడు. పక్కన కూలబడ్డాను.

ఆ రోజు అక్కడున్నది అయిదుగురం. తల పైకెత్తకుండా వాకిలి దాటి పోయిన మేస్త్రీ, టేపురికార్డరు ఒళ్లో పెట్టుకుని ఏడ్చిన పిల్ల, పాత మాట కొట్టేసి పైన నా మాట రాసిన సారు, మెట్టు మీద నా మొగుడు, ఆయన పక్కన నేను.