రెండు అర్జీలు

మీరంతా తాతా అని పిలిచే నా తమ్ముడు పన్నెండేళ్లు జైల్లో ఉన్నాడని మీకెవరూ చెప్పి ఉండరు. బజారులో గొడవపడి ఒక మనిషిని కర్రతో కొట్టాడు. ఆ మనిషి చచ్చిపోయాడు. యావజ్జీవం పడింది. తప్పు వాడిదే.

అప్పుడు మేం బెంగాల్లో, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో ఉండేవాళ్లం. వాడు జైలుకెళ్లి పదేళ్లయ్యేసరికి అమ్మకి చూపు మందగిస్తోంది. కళ్లు పూర్తిగా పోకముందే కొడుకుని ఇంట్లో చూసుకోవాలని ఆవిడ ఆశ. గవర్నరుకి క్షమాభిక్ష అర్జీ పెట్టుకోవచ్చని ఎవరో చెప్పారు.

"మన గవర్నరుకే రాయి అమ్మీ. బెంగాలోళ్ల గవర్నరుకి మనవేటి తెలుస్తాం?" అంది అమ్మ.

ఆవిడ పుట్టింది శ్రీకాకుళం పక్కన. నేను పుట్టింది ఖరగ్‌పూర్‌లోనే. అయినా నాకూ అదే సబబనిపించింది. తెలుగులో రాసి, అమ్మ వేలిముద్ర వేయించి ఆంధ్రా గవర్నరుకి పంపాను.

ఏడు నెలలు ఎదురుచూశాం. ఇది మా పరిధిలోది కాదని జవాబొచ్చింది. ఆ కాగితం పట్టుకుని మా ఊళ్లోనే ఝపటాపూర్‌లో ఉండే తెలుగు వకీలు దగ్గరికి వెళ్లాను.

ఆయన తల పట్టుకున్నాడు. "నేరం ఇక్కడ జరిగింది, శిక్ష ఇక్కడి కోర్టు ఏసింది. తగ్గించే అధికారం ఇక్కడి గవర్నరుదే పిన్నిగారూ. ఆయనైనా మంత్రులు సెప్పినట్టే సేస్తారు."

"మరి ఆయన గొప్పేటి బాబూ?"

"ఆయన పేరు మీద ఆర్డరు రాకపోతే జైలు తలుపు తెరవరు. అదీ గొప్ప."

రెండో అర్జీ బెంగాలీలో ఆయనే రాసిచ్చాడు. అమ్మ మళ్లీ వేలిముద్ర వేసింది. ఈసారి కాగితం ఎక్కడుందో ఆవిడకి కనపడలేదు. నేనే వేలు పట్టుకుని ఆనించాను.

ఏడాది దాటాక మిగిలిన శిక్ష తగ్గిస్తూ ఉత్తర్వు వచ్చింది. తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు. జుట్టంతా నెరిసింది, ముందు పళ్లు రెండు లేవు. అమ్మ వాడి మొహమంతా తడిమింది.

"ముసలోడినైపోనానే అమ్మా," అన్నాడు.

"నాకేటి కనపడతాది? నువ్వెల్లినప్పుడు ఎలాగున్నావో అలాగే ఉన్నావు," అని నవ్వింది.

తమ్ముడూ నవ్వాడు. నేను అర్జీ తప్పు చోటికి పంపడంవల్లే ఆ ఏడు నెలలు పోయాయని వాడికి తెలియదు. అమ్మకి తెలుసు. నన్ను ఒక్క మాటా అనలేదు.